శివారు వరస

మా ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. దానిమీద ఒక మూల అయ్యగారి ఫోటో, రేషన్ కార్డు మీది బొమ్మంత. పక్కనే చేతులు జోడించి నిలబడిన చర్చి సంఘం సెక్రటరీగారి ఫోటో, నిలువెత్తున. కింద ఎర్రటి అక్షరాలతో ‘సమానత్వ దూతకు కన్నీటి నివాళి’ అని రాశారు. రామచంద్రపురం బస్సు దిగి తలెత్తేసరికి అదే కనబడింది. ఒళ్ళు మండిపోయింది. ఆయన్ని ఊళ్ళోంచి సాగనంపినవాళ్ళే ఆయన ఫోటోకి దండ వేస్తున్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా!

అయ్యగారంటే మా చర్చి పాస్టరుగారు. తొంభైల నడుమ ఏడాది కూడా నిండా లేరు మా ఊళ్ళో. పేరు రాయను. రాస్తే అది కూడా ఆ ఫ్లెక్సీ వాళ్ళకే పనికొస్తుంది.

ఆయన మనిషి పొట్టి. సైకిలు మాత్రం ఎత్తు. దానికి బెల్లు ఉండేది కాదు, అందుకని కాలవ గట్టు మీద జనం అడ్డొస్తే “అండీ! అండీ!” అని అరుచుకుంటూ వచ్చేవారు. గేదె అడ్డొచ్చినా అంతే. “తప్పుకోండి, తప్పుకోండి” అని గేదెని బతిమాలడం నేను నా చెవులారా విన్నాను. బడిపిల్లలకీ అండి, కూలికెళ్ళే ఆడవాళ్ళకీ అండి, చర్చి తుడిచే అతనికీ అండి. మా గోదావరి వాళ్ళకి అండి కొత్తేమీ కాదు. కానీ ఎవరికి పెట్టాలో, ఎవరికి మానాలో పాలు తాగే వయసు నుంచీ మాకు తెలుసు. ఆయనకి ఆ సంగతి తెలియదో, తెలిసీ మరిచిపోయారో. సెక్రటరీగారు ఉండబట్టలేక ఓసారి అడిగేశారు.

“అయ్యగారూ, నాకూ అండీ, కాలవ అవతలోడికీ అండీయేనా? అందరికీ పెట్టేస్తే ఇంక అండికి విలువేముందండీ?”

అయ్యగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. ముందు పన్ను ఒకటి ఊడిపోయింది, అది కనబడకుండా ఎప్పుడూ అలాగే నవ్వేవారు. “ఏం చెయ్యమంటారండి? మీకు తగ్గించడానికి నోరు రాలేదండి. అందుకని వాళ్ళకి పెంచేశానండి” అన్నారు.

కాలవ అవతల అంటే చెప్పాలి. మా చర్చికి రెండు పేటల వాళ్ళు వచ్చేవాళ్ళు. రోడ్డు పక్కన మా పేట. కాలవ వంతెన దాటితే అవతలి పేట. అందరివీ పరుల చేలలో నడుం వంచిన బతుకులే. కాకపోతే మా పేటలో టీచర్లూ, గుమస్తాలూ, ఒకరిద్దరు బ్యాంకు వాళ్ళూ తేలారు. అవతల తేలలేదు. కులం పేరు వేరు. ఊళ్ళో భూములున్న కులాలవాళ్ళు మమ్మల్ని ఏ చూపు చూశారో, ఆ చూపునే మేం భద్రంగా తెచ్చి వంతెన దాటించాం. ఒకే దేవుడు, ఒకే గుడి, ఒకే పాటల పుస్తకం. ముందు బల్లలు మావి, వెనక చాపలు వాళ్ళవి. సిగ్గు లేకపోతే సరి!

ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభు భోజనం ఉంటుంది. వరసలు వరసలుగా వెళ్ళి బల్ల ముందు మోకరిస్తే, అయ్యగారు రొట్టె ముక్క ఇచ్చి, ద్రాక్షరసం గిన్నె అందరి పెదాలకీ ఆనిస్తారు. ఒకటే గిన్నె. ఆ రసం మా ఇంట్లోనే కాచేవారు. మా అమ్మ ఎలిమెంటరీ స్కూలు టీచరు. నాన్న పోయినప్పటి నుంచీ ఇంట్లో తల్లీకూతుళ్ళమే. శనివారం పొద్దున అమ్మ ఎండుద్రాక్ష నానబెట్టి, సాయంత్రం కాచి, పిసికి, పల్చటి గుడ్డలో వడగట్టేది. ఆ రోజు ఆ గిన్నె దగ్గరికి నన్ను కూడా రానిచ్చేది కాదు. అమ్మకి అదో దీక్ష.

మామూలుగా పాస్టరు తను ముందు తీసుకుని తర్వాత సంఘానికి ఇస్తారు. ఈయన వచ్చిన మొదటి నెలే అది మార్చారు. “వడ్డించినవాళ్ళు చివర్న తినాలి కదండి” అన్నారు. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చివరి వరస అయిపోయాక ఆయన గిన్నె ఎత్తి, అడుగున మిగిలింది తాగారు. నేను పాటల బృందంలో పక్కనే నిలబడి చూస్తున్నాను. తాగి, ఆగిపోయారు. కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరిచి గిన్నెలోకి చూశారు. ఆశీర్వాదం చెప్పడం మరిచిపోతే సెక్రటరీగారు దగ్గి గుర్తుచెయ్యాల్సి వచ్చింది.

మధ్యాహ్నం మేం ఇంకా అన్నాలు తినలేదు, సైకిలు వచ్చి ఆగింది.

“టీచరుగారండీ, పొద్దున్న రసం చెంచాడు మిగిలిందాండి?”

అమ్మ గిన్నెలో అడుగున ఉన్నది తెచ్చి ఇచ్చింది. నాలిక మీద వేసుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. ఏ రుచి చూసినా అలా కళ్ళు మూసుకోవడం ఆయన అలవాటు, చింతకాయ పచ్చడైనా సరే.

“ఇది కాదండి నేను తాగింది.”

“అదేంటండీ! నా చేతి రసానికి వంక పెడుతున్నారా?” అమ్మకి కోపం వచ్చేసింది.

“వంక కాదండి. ఇది రసం అండి. నేను తాగింది నీళ్ళు.”

ఆరా తీస్తే తేలిందేంటంటే, ముందు బల్లల వాళ్ళ వరసలు అయ్యేసరికి రసం అడుగంటేది. అప్పుడు సెక్రటరీగారు పక్క గదిలోంచి కూజా తెచ్చి గిన్నెలో నీళ్ళు పోసి అందించేవారు. దొంగతనంగా ఏం కాదు, అందరి ఎదుటే. కూజాలో ఉన్నది మిగిలిన రసమేననుకున్నాం అయ్యగారూ, అమ్మా, నేనూ. వాళ్ళ నాన్న సెక్రటరీగా ఉన్నప్పుడూ అంతేనట. ఇంకో గిద్దెడు ఎండుద్రాక్ష నానబెట్టమని అమ్మకి ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. నీళ్ళు ఎవరి వంతుకి వస్తున్నాయో తెలుసు కనక, అది ఎవరికీ లోటుగా తోచలేదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. కావాలని చేసిన పాపానికైనా ఒక రోజు పశ్చాత్తాపం ఉంటుంది. దీనికి అదీ లేదు.

అమ్మ అన్నం కూడా తినకుండా లేచింది. ముగ్గురం వంతెన దాటి వెళ్ళాం. చివరి వరసలో ఎప్పుడూ చివరన మోకరించే మరియమ్మ ఇంటి ముందు తాటాకులు సర్దుతోంది. అయ్యగారు నేల మీదే కూర్చుని అడిగారు.

“మరియమ్మగారండీ, ప్రభు భోజనంలో రసం ఎలా ఉంటుందండి?”

మరియమ్మ కంగారుపడింది. అయ్యగారు ఏదో పరీక్ష పెడుతున్నారనుకుంది పాపం. “బాగానే ఉంటదండి. పల్చగా, నీళ్ళలాగ ఉంటదండి.”

“ఎప్పుడూ అంతేనాండి?”

“నా చిన్నప్పట్నించీ అంతేనండి. ప్రభువు రక్తం అంటే అలాగే ఉంటదేమో అనుకున్నానండి.”

అమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. తిరిగి వంతెన దాటాం. అయ్యగారు సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వచ్చారు.

ఆయన దగ్గర గ్రీకు బైబిలు ఒకటి ఉండేది, ఖాకీ అట్ట వేసింది. రాజమండ్రిలో పాస్టరు చదువు చదివేటప్పుడు నేర్చుకున్నారట గ్రీకు. తక్కినవాళ్ళు పరీక్ష కాగానే మరిచిపోయారు, ఈయన పెళ్ళాంలా వెంట తిప్పుకున్నారు. ఆ వారమంతా ఒకటే మాట పట్టుకున్నారు. ఇసోటేస్. ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పారు. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసినప్పుడు, కరువులో ఉన్న వేరే ఊరి విశ్వాసుల సంగతి ఎత్తి వాడిన మాట అది. ఇవాళ మీ దగ్గరున్నది వాళ్ళ కొరతకి, రేపు వాళ్ళ దగ్గరున్నది మీ కొరతకి. అలా అయితేనే సమానం అని. అదే మాట ఇంకో ఉత్తరంలో యజమానులకి చెప్పాడు, మీ చేతికింద ఉన్న దాసులకి ఇది ఇవ్వండి అని.

నేను డిగ్రీ చదువుతున్న రోజులు. తెలివి చూపిద్దామని అడ్డం తగిలాను. “యజమానులకి చెప్పినచోట మన తెలుగులో ధర్మం అన్న అర్థంలోనే ఉంది కదండీ?”

“ఉందండి. తప్పు కాదండి. పండితులు కూడా కొందరు న్యాయం అంటారు, కొందరు సమానం అంటారు. కానీ చూడండి, న్యాయం ఎంతో యజమానే కొలిచి చెబుతాడండి. సమానం అయితే అవతలి మనిషి కూడా కొలుచుకోవచ్చండి. అందుకే మనవాళ్ళకి న్యాయం అన్నమాట ముద్దు, సమానం అంటే దడ.”

ఇంత చెప్పి కూడా ఆయనకి తృప్తి లేదు. మరియమ్మకి అర్థమయ్యేలా చెప్పలేకపోతే తన గ్రీకు ఎందుకని గింజుకునేవారు. ఆ మాట ఆయనకి దొరికింది కాలవ గట్టు మీద. అది దాళ్వా కాలం, రెండో పంటకి కాలవలో వంతుల మీద నీళ్ళు వదులుతున్నారు. కాలవ చిట్టచివర, శివారున చేను ఉన్న రైతు ఒకాయన తూము దగ్గర నిలబడి తిట్టిపోస్తున్నాడు. ఆయనది మా సంఘం కాదు, ద్రాక్షారామం భీమేశ్వరుడికి మొక్కే మనిషి.

“వంతు నాదేనండి! కాయితం మీద నాదే! ఎగువోళ్ళు మడులు నింపేసుకుని, నిండాక కూడా బోదె కాలవకి అడ్డు కట్టరండి. నా చేను కాడికి వచ్చేసరికి నాచు తప్ప నీళ్ళేయండీ? అడిగితే, పోనీలే నీకూ వదుల్తాంలే అంటారు. ఆళ్ళు వదిలేదేంటండి, నా నీళ్ళు!”

అయ్యగారు సైకిలు గట్టు మీద పడేసి ఆయన చెయ్యి పట్టుకున్నారు. “ఇదేనండి! ఇదేనండి ఆ మాట! ఇసోటేస్ అండి!”

రైతు బిత్తరపోయి, “ఏమోనండి, మా చేను మాత్రం ఎండిపోతందండి” అన్నాడు.

ఆ ఆదివారం ప్రసంగంలో గ్రీకు లేదు. శివారు చేను ఉంది. చేను శివారు తడిసిందా లేదా, అదొక్కటే చూడండి అన్నారు. ఎగువన పచ్చగా ఉంటే అది వంతు కాదండి, దోపిడీ అండి అన్నారు. గిన్నెలో నీళ్ళ సంగతి ఎక్కడా ఎత్తలేదు. ఎత్తకపోయినా గుమ్మడికాయల దొంగలు భుజాలు తడుముకున్నారు. ప్రార్థన అవగానే సెక్రటరీగారు మెట్ల మీదే పట్టుకున్నారు.

“దేవుడి దృష్టిలో అందరూ సమానమేనండి, ఎవరు కాదన్నారు? కానీ మీరు కొత్త. గ్రీకు మీకు తెలుసు. ఊరు మాకు తెలుసు.”

“అవునండి. అందుకే ఊరికి గ్రీకు చెబుతున్నానండి.”

“ఉద్యోగం కూడా చూసుకోండి మరి” అన్నారు సెక్రటరీగారు, నవ్వుతూనే. ముగ్గురు పిల్లలున్న మనిషితో గుడి మెట్ల మీద అనే మాటా అది?

మరుసటి నెల వచ్చింది. అమ్మ రెట్టింపు ద్రాక్ష నానబెట్టింది. రొట్టె విరిచి, గిన్నె ఎత్తి, అయ్యగారు చెప్పారు. “ఈ నెల శివారు నుంచండి. వెనక వరస వాళ్ళు ముందుగా రండి.”

ఎవరూ కదల్లేదు. మరియమ్మ తన వెనక ఇంకెవరున్నారా అని తిరిగి చూసింది. గోడ ఉంది. “మిమ్మల్నేనండి మరియమ్మగారూ” అన్నారు అయ్యగారు. లేచింది. ఆమె వెనక తక్కినవాళ్ళు లేచారు. ముందు బల్లల మధ్య నుంచి నడుస్తుంటే మావాళ్ళు కాళ్ళు లోపలికి లాక్కున్నారు. లాక్కోవడం నేను చూశాను. మోకరించారు. గిన్నె మరియమ్మ పెదాలకి ఆనింది. ఆమె మింగలేదు. నోట్లోనే పెట్టుకుని అలా ఉండిపోయింది. తర్వాత మింగి, గుడి అంతా వినబడేలా అంది.

“తియ్యగా ఉందండీ!”

ఎనభై ఏళ్ళకి దగ్గరపడిన మనిషి. అప్పటికి ఆ గిన్నె ముందు ఎన్ని వందలసార్లు మోకరించి ఉంటుందో. ఆ మాట విని మా పేట పెద్దలు లేచి ఏడ్చి ఉంటారనుకుంటున్నారా? సెక్రటరీగారు పాటల పుస్తకం మూసి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయారు. ఆయన వెనక ఒక బల్ల ఖాళీ. దాని వెనక ఇంకోటి. వాళ్ళ పెదాలు తగిలిన గిన్నె వీళ్ళ పెదాలకి తగలకూడదు! ప్రభువు రక్తమైనా సరే, వాళ్ళ ఎంగిలి అయితే మైలే!

మా అమ్మ లేచింది. వెళ్ళి మరియమ్మ పక్కనే మోకరించింది. వెళ్తూ వెళ్తూ నా జబ్బ పట్టుకుని లాక్కెళ్ళింది కనక నా గొప్ప ఇందులో ఏం లేదు. అమ్మ వెనక ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చారు. మగవాళ్ళు ఒక్కరూ రాలేదు.

ఆ తర్వాత శుభ్రత అని కొత్త కూత మొదలుపెట్టారు. ఒకే గిన్నె అయితే అంటురోగాలు వస్తాయట. తాతల నాటి నుంచీ రాని రోగాలు వెనక వరస ముందుకొచ్చిన నెలలోనే వచ్చాయి! చిన్న చిన్న స్టీలు గ్లాసులు తెప్పించారు. అందరికీ చాలలేదు కనక అవి ముందు బల్లలకేనట, వెనకవాళ్ళకి పాత గిన్నెట. అయ్యగారు ఆ గ్లాసుల్లో పొయ్యనన్నారు. బతిమాలారు, బెదిరించారు, పొయ్యలేదు. “చేతకాదండి” అన్నారంతే. రాజమండ్రిలో చర్చి పెద్దలకి అర్జీలు వెళ్ళాయి. ఎండాకాలం రాకుండానే ఆయన్ని మన్యం వైపు వేసేశారు.

వెళ్ళేరోజు మా ఇంటికి వచ్చారు. ఇంట్లో కుర్చీ ఒకటే ఉంది. ఒకటే కుర్చీ ఉన్నచోట ఆయన ఎన్నడూ కూర్చోలేదు. నిలబడే మంచినీళ్ళు తాగారు.

“టీచరుగారండీ, రసం చిక్కగా కాయకపోయినా పర్వాలేదండి. శివారుదాకా వచ్చేలా కాయండి.”

కాయడానికి అమ్మకి ఆ పని ఉంటే కదా! మరుసటి నెల నుంచే రసం సెక్రటరీగారింట్లో తయారైంది. వరస మళ్ళీ ముందు నుంచే మొదలైంది.

ఆయన మన్యంలోనే పోయారు, మొన్న. జ్వరమట. అక్కడే మట్టి చేశారు. మా ఊరి నుంచి ఒక్కళ్ళూ వెళ్ళలేదు. ఇప్పుడు మాత్రం స్మారక సభ! షామియానా, మైకు, రాజమండ్రి నుంచి అతిథులు. అమ్మకి మోకాళ్ళు పట్టేశాయి, అయినా పట్టుబట్టి వచ్చింది. సెక్రటరీగారు మైకు అందుకున్నారు. జుట్టు తెల్లబడింది, గొంతు మాత్రం ఏం తగ్గలేదు.

“మన ప్రియమైన అయ్యగారు మనకి నేర్పిన గ్రీకు మాట ఒకటుంది. ఇసోటేస్! దాని అర్థం ఏంటంటే దయ. ఉన్నవాళ్ళు లేనివాళ్ళ మీద చూపించే దయ.”

నా నెత్తిన నిప్పులు పోసినట్టయింది. ఏ మాట కోసమైతే ఆ మనిషి పిల్లల్ని వెంటబెట్టుకుని అడవులు పట్టిపోయాడో, ఆ మాట పీక నులిమి ఆయన ఫోటో ముందే పెడుతున్నారు. లేచాను. “కాదండి! దయ కాదండి, సమానం!” అని అరిచాను. మైకు హోరులో కలిసిపోయింది. ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగి, “కూర్చోండమ్మా, భోజనాల టైమైపోయింది” అన్నారు.

భోజనాలు. షామియానా కింద బల్లలూ కుర్చీలూ అతిథులకీ, మా పేటకీ. గోడ పక్కన ఎండలో నేల మీద పరిచిన పట్టాలు అవతలి పేటకి. అమ్మ నా భుజం పట్టుకుని ఆ పట్టాల దాకా నడిచి, మరియమ్మ పక్కన కాళ్ళు చాపుకుని కూలబడింది. మరియమ్మకి ఇప్పుడు చూపు లేదు. గొంతు విని గుర్తుపట్టింది.

వడ్డన బల్లల దగ్గర మొదలైంది. మా వైపు వచ్చేసరికి సాంబారు బకెట్టు ఖాళీ. వడ్డించే అతను వెనక్కి వెళ్ళి, గుండిగ అడుగున మిగిలినదాంట్లో బిందెడు నీళ్ళు పోసి, గరిటె తిప్పి, ముంచుకుని వచ్చాడు. నా కళ్ళ ముందే. పదేళ్ళు దాటినా చెయ్యి తిరిగిన పనే.

అమ్మ ఒక ముద్ద తిని ఆగింది. “పల్చగా ఉంది” అంది.

మరియమ్మ అమ్మ చెయ్యి తడిమి నవ్వింది. “ఇయ్యాల మీకూ వచ్చిందాండీ, టీచరుగారూ?”

అమ్మ ఆ సాంబారు గ్లాసులో పోయించుకుంది. లేవలేదు. నాచేత పంపించింది. తీసుకెళ్ళి సెక్రటరీగారి విస్తరి పక్కన పెట్టి, “మా అమ్మ రుచి చూడమంది” అన్నాను. ఆయన కంగారుగా ఒక గుక్క తాగారు. వెంటనే లేచి కేక వేశారు.

“ఒరేయ్, ఎవర్రా అక్కడ! టీచరుగారికి చిక్కటిది పట్టుకెళ్ళండ్రా!”

టీచరుగారికి!

అతిథుల బల్ల మీది గిన్నె ఎత్తుకుని, వడ్డించే అతను పరుగున వచ్చి అమ్మ ముందు వంగాడు. అమ్మ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆ చివర్నించి రండి బాబూ.”

అతను గరిటె పట్టుకుని సెక్రటరీగారి వైపు చూశాడు. ఆయన తల వంచుకుని తింటున్నారు. అతను అలాగే నిలబడిపోయాడు. అమ్మ చెయ్యి తియ్యలేదు.